ఎడమ చక్రం లోపలి వైపు గురించి ఒక విన్నపం

రోడ్ల పక్కన సిమెంటు గట్లు కట్టించి, వాటికి రంగు వేయించడం మరచిన, పేర్లు తెలియని అధికారులకు సవినయంగా తెలియజేయునది.

ఈ ఉదయం ఆదోని దాటుతూ, ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి, కొత్త కాలువ గట్టుకు కారు ముందు ఎడమ చక్రాన్ని గుద్దాను. దిగి చూస్తే రిమ్ము మీద చిన్న గీత తప్ప ఏమీ కనిపించలేదు. పక్క సీటులో ఉన్న మా అమ్మ ఇది దిష్టి అని తేల్చి, సంచిలోని నిమ్మకాయను అదే చక్రం కింద పెట్టించి తొక్కించింది. అంతటితో తనిఖీ పూర్తయినట్టు భావించి, ఎమ్మిగనూరు దాకా గంటకు ఎనభై వేగంతో వచ్చాము. అమ్మ హాయిగా నిద్రపోయింది. స్టీరింగు మాత్రం దారంతా ఎడమకు లాగుతూనే ఉంది.

అమ్మను పిన్ని ఇంట దించి, మెకానిక్ మాబన్న దగ్గరకు వెళ్లాను. ఆయన జాకీ ఎత్తి, చక్రం విప్పి, లోపలి వైపు తిప్పి చూపించాడు. టైరు మీద నిమ్మకాయంత ఉబ్బు ఉంది.

"గుద్దినాక దిగి సూడలేదా సార్?"

"చూశాను. నిమ్మకాయ కూడా తొక్కించాము."

"నిమ్మకాయ గూడా బయటిపక్కే సూసినట్లుంది. టైరు లోపల దారాలు తెగినాయి, చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ వంగింది. ఇంగ రోంత దూరం పోయింటే టైరు పగిలిపోతాండె. ఈ పక్క సీట్లో ఎవురు కూసోనుండిరి?"

టైరు, ఆర్మ్ రెండూ కొత్తవి వేయమన్నాను. మీలో ఎవరైనా తమ కారు చక్రం లోపలి వైపు ఎన్నడైనా చూసి ఉంటే దయచేసి తెలియజేయగలరు.

కావున దాఖలు చేయు డిమాండ్లు:

1. ఆ గట్టుకు వెంటనే తెల్లరంగు వేయవలెను.

2. ఈ విన్నపాన్ని మా అమ్మకు ఎవరూ చదివి వినిపించరాదు.