నడుం మీద చెయ్యి

సోమవారం ఉదయం ఆరూ నలభైకి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాను. మార్చి చివరి వారం. భుజాన ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, షేవింగ్ సామాను, డిశ్చార్జి కాగితాల జిరాక్సులు. మెట్రో స్తంభాల కింద పళ్ళబండ్లు అప్పుడే సర్దుతున్నారు. పది అడుగులు వేసేలోగా ముగ్గురు నా మొహం మీదికి కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చాపారు. మూడూ తీసుకున్నాను. తర్వాత అక్కడ ఎవరి చేతిలోనుంచీ ఏదీ తీసుకోలేదు.

పదిహేడేళ్ళు పదాతి దళంలో పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చాను. రెండు విడతలు సరిహద్దు కొండల మీద ఉన్నాను. ఊళ్ళో వాళ్ళు అక్కడి మంచు గురించి అడుగుతారు, చెప్తాను. ఇక్కడ రాస్తున్నది అది కాదు. సైన్యం వదిలాక ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరి, నలభై ఒక్క రోజులు చొక్కా కింద పిస్తోలుతో చీరల దుకాణాల మధ్య చేసిన డ్యూటీ గురించి.

తొమ్మిదింటికి ఏజెన్సీ సూపర్‌వైజరు ఆయుధం అప్పగించాడు. ఆయన రిటైర్డ్ సుబేదారు. ముప్పై రెండు బోరు పిస్తోలు, ఏడు తూటాలు, ప్యాంటు లోపలికి పెట్టుకునే తోలు ఒర, రెండు పొరల బెల్టు.

"చూడు హవల్దార్, గీ పని ఫౌజు లెక్క కాదు," అన్నాడు. "ఆడ తుపాకి కనవడాలె, గప్పుడే దుష్మన్ ఆగుతడు. ఈడ కనవడితే నీ నౌకరీ పోతది. జనంల కాల్చుడు లేదు. ఎనక గోడ ఉంటేనే. సమజైందా?"

"అయింది సార్."

"ఇంకోటి. మాటిమాటికి ముట్టుకోకు. మోచేత్తోని తెలుసుకో."

నేను కాపాడవలసిన మనిషి లెక్కల లెక్చరరు. అరవై మూడేళ్ళు. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన స్నేహితుడు, ఫిజిక్సు చెప్పే లెక్చరరు, పెద్ద అంబర్‌పేట్ దగ్గర కొన్న స్థలాన్ని వదులుకోనన్నందుకు చంపాపేట్‌లో ఒక బేకరీ ముందు కత్తిపోట్లకు చనిపోయాడు. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నది మా లెక్కల సారే. చూసిన వాళ్ళు నలుగురు. ముగ్గురు కోర్టులో ఏమీ చూడలేదని చెప్పారు. మిగిలింది సారు. చనిపోయినాయన భార్య నన్ను పెట్టించింది. సారు సాక్ష్యం పూర్తయ్యేదాకా ఆయన బతికి ఉండాలి. నా ఆర్డరు అంతే.

సారు మొదటిరోజు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కూర్చోండి హవల్దారు గారూ. కాఫీయా, టీయా? దాంతో కూర్చోవచ్చా అసలు?"

"కూసోవచ్చు సార్."

"పేలదు కదా?"

"పేలదు సార్."

"నన్ను చంపేవాడు మోటారు సైకిలు మీద వస్తాడంటున్నారు. ఎల్‌బీ నగర్ సిగ్నల్లో ఇరుక్కుంటాడు లెండి. మనకి బోలెడు టైముంటుంది."

నవ్వాడు. కప్పు సాసరు మీద గలగలలాడింది. ఆయన చేతులు రోజంతా అలాగే వణికేవని సాయంత్రానికి తెలిసింది.

రెండో అంతస్తు. ఇరవై రెండు మెట్లు. సందు వెడల్పు తొమ్మిది అడుగులు. ఒక చివర మెయిన్ రోడ్డు, రెండో చివర సైదాబాద్ వైపు. ఎదురుగా ఆడపిల్లల హాస్టలు, కింద ఇస్త్రీ బండి. పది నుంచి పన్నెండు దాకా సారు కోచింగ్ సెంటరులో పాఠం చెప్పేవాడు. నేను చివరి బెంచీలో, గోడకి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి.

"అంకుల్, మీది ఏ బ్యాచ్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఆయన నాలుగోసారి రాస్తున్నారమ్మా, ఏమీ అనకు," అన్నాడు సారు బోర్డు వైపు తిరిగి. క్లాసంతా నవ్వింది.

తుపాకీ పెట్టుకుని జనంలో తిరగడం ఎలా ఉంటుందని నన్ను అడుగుతారు. మొదట అది నొప్పి. మూడోరోజుకి కుడి తుంటి పైన చర్మం ఊడింది. అయిదోరోజుకి అక్కడ పుండు. చెమటకి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి రోజూ తుడిచి నూనె పెట్టాలి. చొక్కా ఒక సైజు పెద్దది, గళ్ళది, బయటికి వదిలి వేసుకోవాలి. చెయ్యి పైకెత్తి బస్సులో కడ్డీ పట్టుకోకూడదు, చొక్కా లేస్తుంది. కింద పడిన పెన్ను వంగి తీయకూడదు, మోకాళ్ళ మీద కూర్చుని తీయాలి. మెట్రోలో తనిఖీ ఉంటుంది కాబట్టి మెట్రో లేదు. సైన్యంలో నాతో పనిచేసిన నాయక్ ఒకడు మలక్‌పేట్‌లో కనిపించి కౌగిలించుకోబోతే ఎడమ భుజం అడ్డం పెట్టాను. "ఇంత పెద్దోడివైనవారా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోను చెయ్యలేదు.

నొప్పి తర్వాత వచ్చేది అనుమానం. అందరికీ తెలిసిపోతోందనిపిస్తుంది. సైన్యంలో ఆయుధం పోగొట్టుకున్నవాడికి క్షమాపణ లేదు. పడుకున్నా దాని స్లింగు పట్టీ మణికట్టుకి చుట్టుకుని పడుకుంటాం. ఆ అలవాటు నా చేతిలో ఉంది. రెండు నిమిషాలకోసారి నడుం తడుముకునేవాణ్ణి.

సారుని తిప్పడానికి ఏజెన్సీ ఇచ్చిన కారు డ్రైవరు హయత్‌నగర్ మనిషి. నోటికి అదుపు లేనివాడు. "ఏందన్నా, ప్యాంటు జారుతుందా?" అన్నాడు నాలుగోరోజు. "కిరాయి గూండాలకు నువ్వే అడ్రస్ చెప్తున్నవ్."

వాడన్నది నిజం. ఆ రోజు నుంచి పొద్దున్నే అయిదింటికి తలుపు వేసుకుని తూటాలు తీసేసి అభ్యాసం చేశాను. ఎడమ చెయ్యి చొక్కా లేపాలి, కుడి చెయ్యి పిడి పట్టాలి, లాగాలి. రోజుకి రెండు వందల సార్లు. పదో రోజుకి తడుముకోవడం పోయింది. ఇరవయ్యో రోజుకి నేను అనుకోకముందే చెయ్యి వెళ్ళేది. అలవాటు పడటమంటే ఇదే. తుపాకీ బరువు తెలియదు. చెయ్యి నిన్ను అడగదు.

ఇంకోటి కూడా జరుగుతుంది. ముఖాలు చూడటం మానేస్తాం. చేతులు మాత్రం చూస్తాం. ఒక గురువారం బాబా గుడి దగ్గర జనంలో, సారు నా ముందు, వెనకనుంచి ఎవరిదో చెయ్యి నా కుడి నడుం మీద పడింది. మణికట్టు పట్టి వెనక్కి విరిచాను. ఏదో చిట్లిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే డెబ్బై ఏళ్ళ ముసలాయన. మెట్టు దిగుతూ తూలి ఆసరాకి పట్టుకున్నాడు. చేతిలోని కొబ్బరి చిప్ప కింద పడింది.

"నేనేం జేసిన కొడుకా?" అన్నాడు. అరవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

జనం మూగుతున్నారు. నాకు సారుని అక్కణ్ణించి తీసుకుపోవడమే పని.

"ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్దామండీ," అన్నాడు సారు.

"నడువుండి సార్."

"చెయ్యి విరిగిందండీ!"

"నడువుండి."

ముసలాయన్ని వదిలేసి వచ్చాం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇది కూడా రాయాలి.

మర్నాడు సారుకి ఒకటే నేర్పాను. దారిలో ఏదైనా జరిగితే మామూలు మనుషులు పరుగెత్తుతారు. పరుగెత్తి గురికి అడ్డం వస్తారు. అందుకని చెప్పాను: "నా చెయ్యి నడుం మీదికి పోతే మీరు ఉన్నకాడనే నిలబడాలె సార్. ఉరుకొద్దు, వంగొద్దు. మిగిలింది నేను చూసుకుంట."

"అలా నిలబడితే పొడిచేవాడికి సుఖం కాదూ?"

"నిలబడితే నాకు దారి దొరుకుతది."

సందులో మూడుసార్లు చేయించాను. మొదటిసారి వెనక్కి గెంతాడు. రెండోసారి కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి నిలబడ్డాడు. వారం తర్వాత హెల్మెట్ తియ్యకుండా ఒకడు మెట్లెక్కి వస్తుంటే నా చెయ్యి వెళ్ళింది. సారు కొయ్యలా ఆగిపోయాడు. వాడు బిర్యానీ తెచ్చినవాడు. పక్క ఫ్లాటుది. సారు లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, "మీ చెయ్యి చూశానండీ, భయం పోయింది," అన్నాడు. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. కొత్తగా చేరిన రంగరూటు మొదటిసారి గురి తగిలించినప్పుడు ఇన్‌స్ట్రక్టరుకి కలిగే గర్వం నాకు కలిగింది.

ఎల్‌బీ నగర్ కోర్టుకి రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ వాయిదా. ఆయుధంతో లోపలికి వెళ్ళకూడదు. నేను గేటు బయటే ఉండేవాణ్ణి, సారు వకీలుతో లోపలికి వెళ్ళేవాడు. రెండోసారి లోపల నిందితుడు ఆయన్ని చూసి బెదిరిస్తున్నట్టు చిటికెన వేలు ఊపాడట. సారు బయటికి వచ్చి కారులో వాంతి చేసుకున్నాడు.

మూడో వాయిదా నలభయ్యో రోజు. పొద్దున్న ఆయనకి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాలేదు. నేనే పెట్టాను.

"మీరు లోపలికి రావాలండీ. మిమ్మల్ని చూస్తూ చెప్తాను. లేకపోతే నోరు పెగలదు. నాలుగోవాణ్ణి నేనూ ఏమీ చూడలేదనేస్తాను."

"వస్త సార్."

"దాంతోనే వస్తారా? ఒప్పుకుంటారా?"

"పర్మిషన్ తీసుకున్న సార్."

తీసుకోలేదు. అలాంటి పర్మిషన్ లేదు. కొండ మీద గాయపడ్డవాడికి హెలికాప్టర్ బయల్దేరిందని చెప్తాం. అది బయల్దేరకపోయినా చెప్తాం. ఆ మాటతో కొందరు బతికారు. ఆ నమ్మకంతోనే ఈ అబద్ధం చెప్పాను. సారుని వకీలు పక్కకి తీసుకెళ్ళినప్పుడు, పదీ పదికి, గేటు పక్క కౌంటరులో పిస్తోలు, తూటాలు ఇచ్చి టోకెను తీసుకున్నాను. ఒర నడుముకే ఉంచి అందులో కళ్ళజోడు డబ్బా దూర్చాను, ఉబ్బు కనిపించాలని.

పన్నెండూ నలభైకి సారుని పిలిచారు. నలభై నిమిషాలు చెప్పాడు. బేకరీ, టీ గ్లాసులు, మొదటి పోటు ఎక్కడ, రెండోది ఎక్కడ. బోర్డు మీద లెక్క చేసినట్టు వరుస తప్పకుండా చెప్పాడు. నిందితుణ్ణి వేలితో చూపించాడు. వేలు వణకలేదు. రెండుసార్లు నా నడుం వైపు చూశాడు. అవతలి వకీలు ప్రశ్నలు భోజనం తర్వాత అన్నారు.

ఒంటిగంటా నలభై. సారుకి షుగరు. మాత్ర, పెరుగన్నం డబ్బా కారులో ఉన్నాయి. కారు గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల. ముప్పై అడుగులు. ముందు కౌంటరు దగ్గర ఆగి ఆయుధం తీసుకోవాలి. తీసుకుంటే సారు చూస్తాడు. చూస్తే మధ్యాహ్నం ప్రశ్నలకి నిలబడడు. ముప్పై అడుగులే కదా అనుకున్నాను. కౌంటరు దాటి నడిచాను.

"బాగా చెప్పానాండీ?"

"మస్తు చెప్పిన్రు సార్."

"నా క్లాసులో మీరే మంచి విద్యార్థి. నాలుగోసారికి పాసయ్యారు."

గేటు దాటాం. జిరాక్సు దుకాణం ముందు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చేతిలో ఫైలు. గుమాస్తా అనుకోవలసిన మనిషి. ఫైలు కింద కుడి చెయ్యి కనిపించలేదు. అతను మా వైపు నడిచాడు. ఆరడుగుల దూరం. ఫైలు కింద పడింది. కత్తి జానెడు.

నాకు ఖాళీ చేతులు రెండున్నాయి. సారుని గేటు వైపు తోసేయడానికి ఒక చెయ్యి చాలు. గేటు దగ్గర తుపాకులతో ఇద్దరు కాపలాదారులు, పది అడుగుల వెనక. ఏ కూరగాయలమ్మేవాడైనా అదే చేసి ఉండేవాడు, తోసి అరిచి ఉండేవాడు.

నా ఎడమ చెయ్యి చొక్కా లేపింది. కుడి చెయ్యి పిడి కోసం వెళ్ళింది. కళ్ళజోడు డబ్బా తగిలింది. చెయ్యికి అర్థం కాలేదు. వదిలి మళ్ళీ పట్టుకుంది. రెండుసార్లు. అంత సేపు చాలింది.

తర్వాత అతని మణికట్టు విరిచాను, కింద పడేసి మోకాలు మెడ మీద పెట్టాను. కాపలావాళ్ళు వచ్చారు. అదంతా బాగానే చేశాను. సారు ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

రెండూ అయిదుకి సూపర్‌వైజరు ఫోను.

"వెపన్ సేఫేనా?"

"సేఫ్ సార్. కౌంటర్‌ల ఉన్నది."

"మంచిది. క్లయింటు?"

చెప్పాను. "టోకెన్ పోగొట్టకు," అన్నాడు.

అవతలి వకీలు ప్రశ్నలు అడగకముందే సాక్షి చనిపోయాడు కాబట్టి ఆ సాక్ష్యానికి పెద్దగా బలముండదని మా వకీలు చెప్పాడు. కేసు ఇంకా నడుస్తోంది. నలభై ఒకటో రోజు స్టేట్‌మెంటు ఇచ్చి, ఆయుధం అప్పగించి, సంచి సర్దుకున్నాను. డ్రైవరు బస్సు దాకా దింపాడు. నేను దిగేటప్పుడు స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు:

"అన్నా, తప్పుగా అనుకోకు. నువ్వు లేకుంటే సార్ ఉరికేటోడు."

ఊళ్ళో ఇప్పుడు రెండెకరాలు చూసుకుంటున్నాను. బెల్టు లేకుండా లుంగీతో తిరుగుతాను. పుండు మానింది. నేను చూసిన చావుల్లో చాలావాటికి ముఖాలు గుర్తులేవు. సారు ముఖం ఉంది. కత్తి వచ్చినప్పుడు ఆయన దాన్ని చూడలేదు. నా చెయ్యి నడుం మీదికి వెళ్ళడం చూశాడు. ఆగాడు. రెండు పాదాలూ దగ్గరికి తెచ్చుకుని నిటారుగా నిలబడ్డాడు. నలభై రోజులు ఆ మనిషి కప్పు పట్టుకుంటే గలగలలాడేది. అప్పుడు చేతులు వణకడం లేదు. ముఖంలో భయమన్నది లేదు.