పట్టపగలు పెట్టిన టోపీ

వీధిదీపాలు బిగించే ఆ లైన్‌మన్‌కు ఆఫీసులో "పట్టపగలు" అని పేరు. అతను చెయ్యి పెట్టిన సందులో రాత్రిపూట సూది పడినా దొరుకుతుంది. ఆ పేరును ముప్పయ్యేళ్ళుగా బిరుదులా మోస్తున్నాడు.

మొన్న మనవరాలు రాత్రి ఆకాశం బొమ్మకు నారింజరంగు పులిమింది.

"చుక్కలేవీ అమ్మలూ?"

"మన ఆకాశంలో ఉండవుగా తాతయ్యా, అంతా వీధిదీపాల వెలుగేగా."

ముప్పయ్యేళ్ళు నిచ్చెనెక్కి తాను సాధించింది ఇదన్నమాట అని తల గోక్కున్నాడు. వంటింట్లోంచి భార్య అందుకుంది. "ఎందుకుండవే? పెళ్ళైన దగ్గర్నుంచి మీ తాతయ్య నాకు పట్టపగలే చూపిస్తున్నారు."

మర్నాడు నూనెడబ్బా రేకు కత్తిరించి, వెలుతురు పైకి పోకుండా ఇంటిముందు వీధిదీపానికి టోపీ పెట్టాడు.

ఆ మరుసటి పొద్దునే ఆఫీసుకు ఫిర్యాదొచ్చింది: దీపం మసకబారింది, వెంటనే పట్టపగలును పంపండి.