చదవని తీర్పు

ఆ రోజు నేను చదవని తీర్పు మీద మాట్లాడాను.

అప్పట్లో అనంతపురంలో ఒక లా కాలేజీలో రాజ్యాంగం పాఠం చెప్పేవాణ్ణి. రెండు వేలు దాటిన తర్వాతి కరువు రోజులవి. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ పదవికి అనర్హులంటూ రాష్ట్రాలు చేసిన చట్టం చెల్లుతుందని ఢిల్లీలో పెద్ద కోర్టు చెప్పినట్టు టీవీలో అడుగున ఒక వరుస పోయింది. కాసేపటికే స్టాఫ్ రూముకు పత్రిక ఆఫీసు నుంచి ఫోను. చేసింది నా పాత విద్యార్థి.

"రెండు ముక్కలు చెప్పండి సార్, పేజీ అచ్చుకు పోతాంది" అన్నాడు.

తీర్పు ఇంకా చూడలేదని చెప్పవలసింది. చెప్పలేదు. ఆ చట్టం అన్యాయమన్నాను. అంతటితో ఆగితే అందరూ చెప్పేదే చెప్పినట్టవుతుందనిపించి ఇంకో మాట కలిపాను. మూడో బిడ్డను దత్తత ఇచ్చేస్తే, ఆ బిడ్డ కన్నతల్లి లెక్కలోకి రాదని వాదించవచ్చు, అన్నాను. ఆ ప్రశ్న నేను పరీక్షల్లో ఇష్టంగా ఇచ్చేది. తెలివైన విద్యార్థులు దాన్ని పట్టుకుని పేజీలు నింపేవాళ్ళు. నేను మురిసిపోయి మార్కులు వేసేవాణ్ణి.

మర్నాడు నా ఫోటో పక్కన "దత్తత ఇస్తే పదవి పదిలం" అని వచ్చింది. వాదించవచ్చు అన్న మాట ఎక్కడా లేదు. అందుకు పత్రికవాళ్ళను తర్వాత చాలా తిట్టాను. కానీ ఆ ఉదయం తిట్టలేదు. టీ అంగడాయన "సార్ బొమ్మ పడింది" అని అందరికీ చూపిస్తుంటే నవ్వుతూ నిలబడ్డాను. కొన్నాళ్ళకు తీర్పు ప్రతి మా లైబ్రరీకి వచ్చిందని తెలిసినా వెళ్ళి చదవలేదు. వ్యాఖ్య అచ్చయిపోయాక ఇక తీర్పుతో పనేముంది?

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం క్లాసు నుంచి వస్తుంటే వరండాలో ఆలుమగలిద్దరు నా కోసం కూర్చుని ఉన్నారు. కంబదూరు దగ్గరి పల్లె వాళ్ళు. అతను గొర్రెలు మేపుతాడు. ఆమె సర్పంచి, ఆడవాళ్ళకు కేటాయించిన సీటులో గెలిచింది. ఇద్దరు మగపిల్లల తర్వాత, కోరుకున్నట్టే ఆడపిల్ల పుట్టింది. ఓడిపోయినవాళ్ళు వెంటనే పైకి ఫిర్యాదు చేశారు. ఇంతలో ఈ ఆలుమగలు పేపర్లో నా మాట చూశారు. ముదిగుబ్బలో పిల్లల్లేని ఆమె అక్క ఉంది. పెద్దలను కూర్చోబెట్టి, పద్ధతి ప్రకారం, పాలు మరవని పాపను ఆ అక్కాబావలకు దత్తత ఇచ్చేశారు.

"ఇచ్చినాక ఆఫీసరు పిలిపించినాడు సార్" అంది ఆమె. "దత్తతిచ్చినా పదవి పోతాదంట. ఆ తీర్పులోనే రాసి ఉండాదంట. నువ్వేమో పోదంటివి."

వాళ్ళను అక్కడే కూర్చోబెట్టి లైబ్రరీకి వెళ్ళాను. నిలబడే చదివాను. నా ప్రశ్న అందులో ఉంది. ఎవరో లాయరు అప్పటికే అదే వాదన చేశాడు, కోర్టు కొట్టేసింది. బిడ్డను దత్తత ఇచ్చినంత మాత్రాన అనర్హత పోదని స్పష్టంగా ఉంది. ఫోను పెట్టేసి, ఈ ప్రతి వచ్చేదాకా ఆగి ఉంటే చాలేది.

తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని తప్పించుకోవడం. "వాదించవచ్చు అన్నానమ్మా. పని జరుగుతుందని అనలేదు."

భర్త లేచి నిలబడ్డాడు. "ఏమప్పా సారూ, మాకెట్ల తెలుస్తాది ఆ తేడా? డాక్టరు ఈ మందు తాగొచ్చు అంటే తాగుతాము. సచ్చినాక, తాగొచ్చు అన్నాను గానీ తాగమనలేదు అంటాడా?"

ఆమె అతని చేయి పట్టి కూర్చోబెట్టింది. "ఎమ్మెల్యేకు ఎంతమందైనా ఉండొచ్చునంట కదా సార్? మా ఎమ్మెల్యే ఆయప్పకు నలుగురు."

"ఉండొచ్చు."

"సరేలే. పదవి పోతే పోనీ. ఇప్పటికీ పాలు చేపుకొస్తాండాయి సార్ నాకు. నా పాపను నాకు తెచ్చియ్యి."

నాకు కోపం ఆ రోజే పుట్టింది, ఇప్పటికీ చల్లారలేదు. శాసనసభలో కూర్చుని చట్టం చేసినవాళ్ళకు ఆ చట్టం వర్తించదు. గొర్రెలు కాసేవాడి భార్య కడుపు మాత్రం లెక్కపెడతారు. ఆడవాళ్ళకు ఒక చేత్తో సీటు ఇస్తారు, పురిటి మంచం మీద నుంచే రెండో చేత్తో లాక్కుంటారు. అది సమానత్వానికి విరుద్ధం కాదని పెద్ద కోర్టు అంటుంది. ఇదంతా నిజమే. కానీ నా కోపాన్ని వాళ్ళ మీదే పెట్టుకోవడానికి వీల్లేదు. వాళ్ళు ఆమె పదవి తీశారు. బిడ్డను తీసింది నేను.

ఆ ఆదివారం ముగ్గురం ముదిగుబ్బ బస్సెక్కాం. అక్క ఇంటి ముందు గొర్రెల దొడ్డి, లోపల దూలానికి చీర ఊయల. అక్క మమ్మల్ని చూసి ఊయల ఆపి పాపను ఎత్తుకుంది.

తప్పు నాదని చెప్పాను. చదవకుండా మాట్లాడానని చెప్పాను. ఆమె విని అంది, "నువ్వు పేపర్లో చెప్తే ఇచ్చిరి. నువ్వొచ్చి చెప్తే తీసకపోతారా? ఇదేమన్నా గొర్రెపిల్లనా, సంతలో మార్చుకునేకి?"

చెల్లెలు ఏడుస్తూ, "అక్కా, కోర్టుకన్నా పోతాను" అంది.

"పో. ఏం సార్, కోర్టుకు పోతే ఏమైతాది? ఈసారన్నా నిజం చెప్పు."

నేను చెప్పాల్సింది ఏమిటో నాకు తెలుసు. ఈసారి చదివే వచ్చాను. సక్రమంగా జరిగిన దత్తతను కన్నవాళ్ళు రద్దు చేసుకోలేరు. "నువ్వే గెలుస్తావమ్మా. చట్టం ప్రకారం పాప మీది" అన్నాను.

చెల్లెలు నా వైపు చూసిన చూపు ఎలాంటిదో నేను రాయలేను. రెండోసారి కూడా నేనే ముంచానని ఆ చూపు.

పాప ఆకలికి చీర కొంగు చప్పరిస్తోంది. అక్క తన భర్త వైపు చూసింది. ఆయన తల దించుకుని "నీ ఇష్టం" అన్నాడు. అప్పుడు పాపను చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"పాలియ్యి ముందు. తీసకపో. ఈ సార్ మాటకు ఇయ్యలేదు, చట్టానికీ ఇయ్యలేదు. నువ్వు నా చెల్లెలివి కాబట్టి ఇస్తాండా" అని లోపలికి పోయి తలుపేసుకుంది. మేం బస్సుకు బయలుదేరేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆమెకు నేను చేసిన నష్టానికి ఏ సవరణా లేదు. తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ మంచినీళ్ళిచ్చి లోపలికి పోయింది.

అధికారి విచారణ రోజు నేనూ వెళ్ళి చెల్లెలి పక్కన నిలబడ్డాను. ఆమె పాపను చంకనేసుకునే వచ్చింది. పదవి పోయింది.

పత్రికకు సవరణ రాసిచ్చాను. "ఇది ఎవరు చదువుతారు సార్" అన్నాడు నా విద్యార్థి. వెయ్యాల్సిందేనని అక్కడే కూర్చున్నాను. తీర్పు చదవకుండా మాట్లాడాను అన్న వాక్యం తీసెయ్యనివ్వలేదు. ఫోటో లేకుండా ఓ మూల వేశారు. అతను చెప్పింది నిజమే, ఎవరూ చదివినట్టు లేదు. నా ఫోటో ఉన్న పాత మాటే ఇంకా ఊళ్ళలో తిరుగుతూ ఉండి ఉంటుంది. దాన్ని నమ్మి బిడ్డను ఇచ్చినవాళ్ళు, ఇవ్వబోయేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉండొచ్చు.

అందుకని సెలవు దొరికినప్పుడల్లా తీర్పు నకలు సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. పంచాయతీ ఆఫీసుల దగ్గర, రచ్చ బండల దగ్గర అలాంటివాళ్ళ గురించి అడిగేవాణ్ణి. ఒకసారి యాడికి అనే ఊళ్ళో బస్టాండు దగ్గర ఒక పెద్దాయన నన్ను పోల్చుకున్నాడు. ఆయన కోడలు వార్డు మెంబరు, ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ నెల తప్పింది.

"పేపర్లో సారువి కదూ? దత్తతిస్తే సరిపోతాదంటివే."

"తప్పు చెప్పినాను పెద్దాయనా. ఇయ్యొద్దండి."

"అప్పుడూ ఇంతే గట్టిగా చెప్పింటివి" అన్నాడు బీడీ పారేసి. "ఈసారన్నా చదివినావా?"

సంచిలోంచి తీర్పు తీసి, ఆ భాగం దగ్గర వేలు పెట్టి, ఆయన పక్కనే బండ మీద కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నా బస్సు వచ్చి పోయింది. ఆయన మధ్యలో ఆపి, కోడల్ని పిలుచుకొస్తానని లేచాడు. ఆమె వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివాను.