లెక్క చెప్పేవాళ్ల కోసం గండికోట దాకా

మా ఆడబిడ్డ నస్రీన్ తొమ్మిదో తరగతి. పోయిన నెలలో ఒక సాయంత్రం సంచిని మూలకు విసిరేసి, ఇక ఆ బడికి పోనంది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని లెక్కల సారును అడిగిందట. "అవుతుంది, అంతే. రాసుకో" అన్నాడట ఆయన. మళ్లీ అడిగినందుకు ఆ సూత్రాన్ని యాభైసార్లు రాయించాడు. పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా బట్టీ పట్టించే బడి అది. మేం కోయిలకుంట్లలో పరుపులు కుట్టి అమ్ముకుంటాం. నేను ఏడో తరగతితోనే ఆపేశాను, మిగతావాళ్లు అంతకన్నా ముందే ఆపేశారు. ఇంట్లో ఎవరం దాని ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం. మా అత్త మాత్రం తేల్చి చెప్పింది: "పోతే బడికి పొమ్మను, లేకుంటే దబ్బనం పట్టుకొని పరుపుల కాడ కూచోమను."

మా ఆయన ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో పరీక్షలు లేని, బట్టీ లేని బడి ఉందట. అంగడి విడిచి ఆయన రాలేడు కాబట్టి నేనే పిల్లను తీసుకుపోయి, మాట్లాడి, సాయంత్రానికి అవునో కాదో చెప్పాలి. కొత్తవాళ్ల ముందు నాకు గొంతే పెగలదు. అయినా బయలుదేరాను. మీ ఇంట్లోనూ ఇలా మొండికేసిన పిల్ల ఉంటే ఈ దారి వివరాలు పనికొస్తాయి.

ఉదయం ఆరున్నరకు జమ్మలమడుగు బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. కండక్టరు నస్రీన్‌ను పైకీ కిందికీ చూసి, "బడిరోజు యాడికి పోతాండావు పాపా?" అన్నాడు.

"బడి చూసేదానికి."

"మీ ఊర్లో లేదా బడి?"

"ఉండాది. అందుకే పోతాండాం."

బస్సంతా నవ్వింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. దారి పొడవునా నల్లరేగడిలో శనగ చేలు, జమ్మలమడుగు దగ్గర పడేకొద్దీ రాతిబండల గుట్టలు. ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదురుగా నలభై రూపాయల ప్లేటు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడి నుంచి ఆటో. మొదట ఎనిమిది వందలు అడిగారు. ఓబులేసు అనే ఆయన ఆరు వందలకు పోయి, అక్కడ కాచుకుని, తిరిగి తెస్తానన్నాడు.

బడి చూడముచ్చటగా ఉంది. మట్టిగోడలు, వేపచెట్ల కింద చాపలు, ఎటు చూసినా గలగలలాడే పిల్లలు. పట్నం నుంచి వచ్చి ఆ బడి నడిపే మేడమ్ మంచి మనిషే. "ఇక్కడ గంట కొట్టం, పుస్తకం తెరవమనం. ఈ రోజంతా పాప తనకిష్టమైనది చేసుకోవచ్చు" అంది. నస్రీన్ పది నిమిషాలు చేతులు కట్టుకుని, ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని నిలబడింది. పాత బడి నేర్పిన చదువు అదే మరి.

ఆ వారం అక్కడ చేతిపనుల వారమట. పిల్లలు చాపల మీద కూర్చుని దిండ్లు కుడుతున్నారు. దూదిని ఉండలుగా కుక్కుతున్నారు. నస్రీన్ ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"ఏందబ్బా ఇది! దూది ఏకకుండానే కుక్కుతాండారే! దీని మీద పండుకుంటే మెడలు పట్టుకుంటాయి" అని దబ్బనం లాక్కుంది. గంటలో మూడు దిండ్లు కుట్టి పడేసింది. మేడమ్ మురిసిపోయి ఫొటోలు తీసింది. "చూశారా, ఎంత సహజంగా నేర్చుకుంటోందో!" అంది నాతో. నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఏ పని తప్పించాలని ఇంత దూరం వచ్చామో, ఆ పనే హాస్టలుతో కలిపి ఏడాదికి ఎనభై వేలకు నేర్పుతారట.

మధ్యాహ్నం జొన్నరొట్టె పెడుతూ వంటావిడ, "ఈడ పిల్లోళ్లు సంతోషంగా ఉంటారమ్మా, అది మాత్రం నిజం" అంది. అది నేనూ చూశాను. అందుకే ఇంకాసేపు ఉన్నాం. చివరికి నస్రీన్ తన మైనస్ ప్రశ్న మేడమ్‌ను అడిగింది.

"ఎంత మంచి ప్రశ్న! మేం జవాబులు చెప్పం తల్లీ. నీకేమనిపిస్తోంది?"

"నాకేం అనిపియ్యలేదు మేడమ్. అందుకే అడుగుతాండా."

"ఆలోచిస్తూ ఉండు. ఒకరోజు నీకే తెలుస్తుంది."

మూడింటికి ఆటో ఎక్కగానే నస్రీన్ పేలిపోయింది. "ఆడ అడిగితే తిడతారు, ఈడ అడిగితే పొగుడుతారు. చెప్పేటోళ్లు యాడా లేరు వదినా! పరుపులే కుట్టల్లంటే మనింట్లో కుడతా. ఇంగ నన్ను ఏ బడికీ తీసకపోవద్దు."

ఓబులేసు అద్దంలో చూసి, "ఏం అడిగినావు పాపా?" అన్నాడు. నస్రీన్ చెప్పింది. ఆయన ఆటో పక్కకు ఆపాడు.

"జమ్మలమడుగు దిక్కు ప్లస్సు. గండికోట దిక్కు మైనస్సు. సరేనా?" అంటూ ఆటోను గండికోట వైపు తిప్పాడు. "ఇప్పుడు మన మొగం యా దిక్కు?"

"మైనస్సు."

"రివర్స్ గేరేస్తే నడక గూడా మైనస్సే కదా? చూడు." ఆటో వెనక్కి నడిచింది. "మొగం తిరగబడె, నడకా తిరగబడె. యాడికి పోతాండాం?"

నస్రీన్ వెనక్కి తిరిగి చూసింది. "జమ్మలమడుక్కు... ప్లస్సు దిక్కుకే అన్నా!"

"అన్నా, లారీ వస్తాండాది!" అని నేను అరిచిన అరుపుకు నాకే భయమేసింది.

ఓబులేసు బి.ఎస్సీ లెక్కలు, బి.ఇడి. చదివి, టీచరు పోస్టు రాక ఆరేళ్లుగా ఆటో నడుపుతున్నాడట. అది విన్నాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో చేరి, ఇంటి దగ్గరే చదువుకుని పది రాయొచ్చని ఆయనే చెప్పాడు. "ఇరుక్కుంటే ఆదివారం ఫోన్ చెయ్యి పాపా" అని నంబరిచ్చాడు. జమ్మలమడుగు చేరేలోపు నస్రీన్ ఆయన్ను ఇంకో నాలుగు లెక్కలు అడిగింది.

నాలుగింటి బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, ఇంట్లోనే చదివి పది రాస్తానంది. ఇంటికొచ్చేసరికి ఆరు దాటింది. అత్త గడపలోనే అడిగింది, "ఏమాయ?"

"ఆ బడీ వద్దు, ఈ బడీ వద్దత్తా. ఇంట్లో చదివి పది రాస్తాది."

"ఇంట్లో ఉంటే పరుపుల కాడ కూచోదా?"

"కూచోదు. దాని వంతు పని నేను చేస్తా."

అత్త నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నీకు నోరుండాదే!" అంది. మర్నాడు మా ఆయన ఓపెన్ స్కూల్ దరఖాస్తు తెచ్చాడు.

ఇప్పుడు రోజుకు రెండు గంటలు ఎక్కువ కుడుతున్నాను. వేళ్లు నొప్పి పుడుతున్నాయి, విసుగూ వస్తుంది. నాకు బుర్ర లేదు కాబట్టే చదువు ఆగిందని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. కానీ ఆ ఆటోలో వెనక్కి పోతున్నప్పుడు ఆ లెక్క నాకూ అర్థమైంది. చెప్పేవాళ్లుంటే నేనూ నేర్చుకునేదాన్నేమో అని తలచుకున్నప్పుడల్లా కోపమొస్తుంది. ఆ కోపంతోనే ఇంకో నాలుగు కుట్లు వేస్తాను.

మీరూ ఇలా బడి చూడటానికి పోతే ఒక్క పని చేయండి. నాలుగింటి బస్సు పట్టుకోండి, తర్వాతివి కిక్కిరిసి ఉంటాయి. బస్సులో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏం చూసిందో, ఏం కావాలో మొత్తం అడగండి. ఇల్లు చేరాక అడిగితే ఆమె బదులు పెద్దవాళ్లు జవాబు చెప్పేస్తారు.