కత్తిపీట అంచు

ప్రొద్దుటూరులో మా ఇంటాయన కత్తులకు సాన పట్టేవాడు. నేను తోలు పట్టీ లాగితే సానరాయి తిరిగేది. పైన కట్టిన కుండలోంచి నీళ్లు దాని మీద కారేవి. అంచును ఆయన పలచగా గీకేసేవాడు కాదు, చేప పొట్ట మాదిరి కొంచెం ఉబ్బు ఉంచేవాడు. "అట్లయితేనే పదును నిలుస్తాదే" అనేవాడు.

ఆయన పోయినాంక మా మరిది, నాకు మేలు చేద్దామని, బజారులో కొత్తగా వచ్చిన కరెంటు చక్రానికి నా కత్తిపీట పట్టించుకొచ్చినాడు. ఉబ్బంతా పోయి అంచు చదునైంది.

"నిన్నెవురు పట్టియ్యమన్యారప్పా?" అని అరిచినా.

ఆయప్ప బిత్తరపోయినాడు. "ఇప్పుడు ఇంకా బాగా తెగుతాంది గదా వదినా!"

నిజమే, శానా బాగా తెగుతాంది. ఆయన సాన పట్టిన కత్తులు జమ్మలమడుగు దాకా ఎవురెవురి ఇండ్లల్లోనో ఉండాయి. మా ఇంట్లో ఉండింది ఆ అంచొక్కటే.