వోయి ఇసుకలో ముఖం చూపని ఏనుగులు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నాదొక ఫోటో స్టూడియో. పోలీసు చర్యకు ముందు పెళ్లిజంటలు, పసిపిల్లలు, కొత్తగా కొలువులో చేరి మీసం దువ్వుకున్న కుర్రాళ్లు వచ్చేవారు. తర్వాత పని మారిపోయింది. ఊళ్ల నుంచి జనం పాత గుంపు ఫోటోలు కొంగున కట్టుకుని వచ్చి, అందులో ఒక ముఖం మీద వేలు పెట్టేవారు. "ఇగో, ఈయన కనబడ్తలేడు. ఈ ముఖం ఒక్కటి పెద్దగ చేసియ్యి" అనేవారు. రజాకార్లు పట్టుకుపోయినవాళ్లు, ఆ తర్వాతి అల్లర్లలో మాయమైనవాళ్లు, చీకటిగదిలో నాకు అందరూ ఒక్కటే. నెలల తరబడి లేనివాళ్ల ముఖాలు కడిగి ఆరవేశాను. ఆఖరికి కంచం ముందు కూర్చున్నా అవే కళ్లు. కెమెరా, స్టూడియో రెండూ అమ్మేస్తానని మా ఆవిడతో చెప్పేశాను. ఆమె వాదించలేదు. "మా యాదగిరి ఎన్నడిసంది రమ్మంటున్నడు. పోయి ఒక్క ఫోటో మనసార తీస్కరాండ్రి. గప్పుడు సుత అమ్మాలనిపిస్తే అమ్ముండ్రి" అంది. యాదగిరి ఆమె తమ్ముడు, తూర్పు ఆఫ్రికాలో వోయి అనే ఊళ్లో రైల్వే ఫిట్టరు. ఆ చుట్టుపక్కల ఏనుగులు మందలుగా తిరుగుతాయట.

ఇదే దారిలో వెళ్లదలచినవారు మన నిజాం హాలీ సిక్కాను ఇక్కడే ఇండియా కల్దారు రూపాయలుగా మార్చుకోవాలి, బొంబాయిలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. అక్కడ మనకు పూచీ ఉండే బంధువు కాగితం లేనిదే ఓడ ఎక్కనివ్వరు. బొంబాయి దాకా రైలు, అక్కణ్నుంచి మొంబాసాకు ఓడ. డెక్ టికెట్టుకే నూరు రూపాయలు దాటింది. పడక మనం తెచ్చుకున్న చాపే. పది రోజులకు పైగా ఉప్పుగాలి, వాంతులు, పక్కవాడి గురక. మొంబాసాలో దిగేసరికి నేల కూడా ఊగుతున్నట్టే ఉంది. మళ్లీ రైలెక్కి వోయి చేరి, యాదగిరి పెట్టిన జొన్నరొట్టె తిని, మొద్దునిద్ర పోయాను.

తెల్లవారకముందే లారీ వచ్చింది. పెట్రోలుతో కలిపి రోజుకు ముప్పై షిల్లింగులు. అడవిలోకి పోవడానికి అనుమతి చీటీ యాదగిరి ముందురోజే తెచ్చిపెట్టాడు. డ్రైవరు ముటువా ఆ ఊరివాడే, మనవాళ్లతో పనిచేసి వచ్చీరాని హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఎనిమిదింటికే ఎండ మాడ్చేస్తోంది. సికింద్రాబాద్ ఎండను తిట్టుకుంటూ ఇక్కడికి రావడం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఎర్రటి దుమ్ము ముక్కులో, పళ్ల మధ్య, చొక్కా లోపల. ఏనుగులు కనబడినప్పుడు అవి కూడా ఎర్రగానే ఉన్నాయి. నేను కళ్లు నులుముకుంటుంటే యాదగిరి నవ్వాడు. "నీ కండ్లు మంచిగనే ఉన్నయి బావా. అవి మట్టి పోస్కుంటయి, గందుకే ఎర్రగ కొడ్తయి."

ఇక నా తెలివి వినండి. స్టూడియోలో ఇన్నేళ్లుగా ఒకటే అలవాటు: ఎదుటివారు నేరుగా నా వైపు చూసేదాకా మీట నొక్కను. ముఖం రాని ఫోటోకు డబ్బు ఎవడిస్తాడు? ఒక పెద్ద ఆడ ఏనుగు పక్కకు తిరిగి మేస్తోంది. మడత కెమెరా పట్టుకుని, అది ముఖం చూపేదాకా లారీ మీద నిలబడ్డాను. యాదగిరి తీయమంటాడు, నేను ఆగమంటాను. చివరికి తిరిగింది. చెవులు చాటల్లా విప్పి, నా కళ్లలోకి సూటిగా చూసింది. మీట మీది వేలు తీసేశాను. ఇంత దూరం పారిపోయి వచ్చినా మళ్లీ ఒక ముఖం, మళ్లీ రెండు కళ్లు. ఈలోగా ఏనుగు మా మీదికి దూసుకొచ్చింది. ముటువా లారీని వెనక్కి ఉరికించాడు, నేను గోనెసంచుల మీద వెల్లకిలా పడ్డాను. అది కొంతదూరం తరిమి ఆగిపోయింది. ముటువా హిందుస్తానీలో తిట్టాడు, యాదగిరి తెలుగులో తిట్టాడు.

"ఏనుగు నీ దిక్కు సూటిగ చూస్తున్నదంటే ఫోటోకు కాదు బావా, తొక్కనీకి! నీకేమన్న అయితే మా అక్కకు నేనేం చెప్పాలె?"

ఫోటో మాత్రం తీయలేదు. ఈ పని నాకిక చేతకాదని అప్పుడే ఖాయం చేసుకున్నాను. ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

తిరుగుదారిలో ఎండిపోయిన ఏటి గట్టున ముటువా బండి ఆపాడు. దిగువన ఆ మందే కాళ్లతో ఇసుక తవ్వి, ఊరిన నీళ్లు తాగుతోంది. నాకు లేచే ఓపిక కూడా లేదు, కూర్చునే చూశాను. తాగడం అయ్యాక అన్నీ మాకు వీపు చూపి ఎదుటి గట్టు ఎక్కసాగాయి. ఒక పిల్ల ఏనుగు మాత్రం ఇసుకలో జారి కిందే ఉండిపోయింది. ముందున్నవి ఆగిపోయాయి. పెద్దది వెనక్కి వచ్చి, తొండంతో దాన్ని ఎగదోసి, తన ముందు నడిపించుకుంది. నాకు తెలియకుండానే కెమెరా తెరిచాను. ఈసారి ముఖం కోసం చూడలేదు, ఆ పిల్ల మందలో కలిసేదాకా ఆగాను. కలిసింది, మీట నొక్కాను. ఎన్ని నెలలకో నా గుండె తేలికపడింది.

తిరిగి వచ్చి కడిగితే ఆ ఒక్కటే బాగా వచ్చింది. తర్వాతి రోజుల్లో చుట్ట మార్చి తీసినవన్నీ గీతలే. వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: ఫిల్ము చుట్ట ఆరుబయట మార్చకండి, మందపాటి దుప్పటి కింద చేతులు పెట్టి మార్చండి. అక్కడి దుమ్ము కంటికి కనబడకుండానే లోపల చేరి ఫిల్మును గీకేస్తుంది.

ఫోటోను పెద్దది చేసి, అద్దం కట్టించి స్టూడియోలో తగిలించాను. మా మారేడ్‌పల్లి పక్కింటాయన చూసి, ఏనుగుల వెనకభాగం చూడటానికా సముద్రం దాటావు అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ముఖాల అలసట పోలేదు, ఇప్పటికీ ఉంది. ఒకరోజు ఒకామె కొంగు ముడి విప్పుతూ లోపలికి వచ్చింది. అందరిలాగే పాత గుంపు ఫోటో: భర్త, ఆమె, ఇద్దరు పిల్లలు. ఆయన ముఖం మీద వేలు పెట్టబోయి, ఏనుగుల ఫోటో వైపు చూసింది.

"అన్నా, గిన్నిట్ల ఒక్కటి సుత తప్పిపోలేదా?"

"లేదమ్మా. చిన్నది వెనకపడ్డది. అన్ని ఆగి తీస్కపోయినయి."

ఆమె చాచిన వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత ఫోటో నా చేతిలో పెట్టింది.

"ముఖం ఒక్కటి కోసియ్యకన్నా. అందరం ఉన్నట్టే పెద్దగ చెయ్యి."

స్టూడియో నేను అమ్మలేదు.