దక్షిణానికి సంతకం

ఇంట్లో అందరూ ఆవిడని అగ్గిపెట్టె అంటారు. ఆ పేరు పెట్టింది బాబాయి. ఈ పిల్లకి కోపం ఊరికే వస్తుందని ఆయన అభిప్రాయం. ఊరికే ఎందుకొస్తుందండీ? పదకొండేళ్లుగా కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపులో పని. తెగిన కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీయాలి, ఆ అచ్చుని బట్టి కాలు ఇమిడే సాకెట్ చేయాలి, తొడిగి నడిపించాలి. వర్క్‌షాపు గచ్చు మీద అందరూ చక్కగా నడుస్తారు. ఇంటికెళ్లి మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగితే సాకెట్ అంచు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. నెల తిరిగేసరికి చేసిన కాలిని సంచిలో పెట్టుకుని, చంకకర్రల మీద వెనక్కి వస్తారు. మూటలు మోసే ఒకాయన అలా నాలుగుసార్లు వచ్చాడు. "ఇది నడవడానికా అమ్మా, దాచుకోవడానికా?" అని అడిగాడు నాలుగోసారి. ఆవిడ తల ఎత్తలేకపోయింది.

అందుకే ముప్పై నాలుగేళ్ల వయసులో విదేశంలో పైచదువుకి దరఖాస్తు పెట్టింది. ఆ దేశంలో ఈ చదువు రెండు ప్రాంతాల్లో ఉంది. తూర్పున మహానగరం, చదును నేల, పెద్ద పేరు. దక్షిణాన అన్నీ కొండలే. అక్కడ చదివేవాళ్లు తాము చేసిన కాలు తొడుక్కున్న మనిషితో పాటు మెట్లూ వాలులూ ఎక్కి దిగి, ఎక్కడ నొప్పెడుతుందో అక్కడికక్కడే సరిచేయాలి. ఆవిడ ఇంకేం ఆలోచించకుండా దక్షిణం అని నింపింది. బాబాయి జెరాక్స్ షాపులోనే కాగితాలన్నీ స్కాన్ చేసి పంపింది.

సీటొచ్చింది. కాగితంలో మాత్రం తూర్పు అని ఉంది.

వెంటనే అక్కడి ఆఫీసుకి ఫోన్ చేసింది. ప్రాంతం ఒక్కసారే మార్చుకోవచ్చు, మీరు పన్నెండో తారీఖున మార్చేసుకున్నారు అన్నారు వాళ్లు. నేను మార్చలేదంది. అయితే మార్చినవాళ్లు ఎవరో తమ చేత్తో రాసి, సంతకం పెట్టి ఈ సాయంత్రం ఐదులోగా పంపితే పాతదే ఉంచుతాం, లేకపోతే తూర్పే అన్నారు. దరఖాస్తు పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే, తనకీ బాబాయికీ. ప్లాస్టర్ చేతులు కడుక్కోకుండానే షాపుకి బయల్దేరింది.

నాన్న పోయాక చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఈ బాబాయే. ఆయన ముందు ఇన్నేళ్లలో ఒక్కసారీ గొంతు పెంచలేదు.

"బాబాయ్, తూర్పుకి ఎవరు మార్చారు?"

ఆయన మెషీన్‌లో కాగితాల కట్ట సర్దుతున్నాడు. "నేనే. అక్కడ మీ అత్త ఉంది కదా. ఆ కొండల్లో నీకెవరున్నారు?"

"నన్ను అడగొద్దా?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు? అత్తకి ఇద్దరు పిల్లలు. వాళ్లత్తగారేమో మంచంలో ఉన్నారు. నువ్వుంటే దానికి చేదోడుగా ఉంటావు. ముసలావిడ గదిలోనే నీకు మంచం కూడా వేయించింది పాపం."

పాపమట. ఆవిడ చదువుకోవడానికి వెళ్తోందా, ముసలావిడకి దుప్పటి కప్పడానికి వెళ్తోందా? ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? పదకొండేళ్ల పుండ్లన్నీ పోగుచేసుకుని ఒక్క ఊరు కోరుకుంటే, దాన్ని తుడిచేసి అన్నాచెల్లెళ్లు కలిసి తనకి ముసలావిడ గదిలో మంచం వేయించారు.

తెల్లకాగితం తీసి బల్ల మీద కొట్టింది. "రాయి. ఏం చేశావో రాసి సంతకం పెట్టు. ఐదులోగా పంపాలి."

"నా మీద నాచేతే రాయిస్తావా?" ఆయన కాగితాన్ని వెనక్కి తోశాడు. "నీ మంచికేనమ్మా చేసింది."

"అదే రాయి. మంచికే అని రాయి."

ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది. కుర్చీ లాక్కుని గుండ్రటి అక్షరాలతో రాశాడు: మా అన్నగారి అమ్మాయి మంచి కోరి, ఆమె ఎంచుకున్న ప్రాంతాన్ని నేను మార్చాను.

"ఆమెకు చెప్పకుండా. అదీ రాయి."

"అదెందుకు? చదివేవాళ్లు నన్ను దొంగ అనుకోరూ?"

"నాకు చెప్పావా?"

కలం ఆగిపోయింది. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. ఆవిడ కదల్లేదు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. అవి కోపం నీళ్లని ఆయనకి అర్థమైంది.

ఆమెకు చెప్పకుండా అని రాశాడు. రాసింది పైనుంచి కిందిదాకా ఒకసారి చదువుకున్నాడు. మంచి కోరి అన్న రెండు మాటలు ఆయనే కొట్టేసి కింద సంతకం పెట్టాడు. తర్వాత అలవాటు కొద్దీ కాగితాన్ని మెషీన్ మీద పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎన్ని కాపీలు?"

"రెండు. ఒకటి నేను వాళ్లకి పంపుతాను. రెండోది నువ్వు అత్తకి పంపు."